ఏడో నంబరు కొక్కెం

ఇటు జరిగి కూర్చోండి, ఇంకాస్త దగ్గరికి. పొయ్యి మీద చాయ్ ఉంటే దించి రండి. లేకపోతే మీరు నర్సింగం సంగతి వింటూ ఉంటారు, అది పొంగి పొయ్యంతా పాడవుతుంది. పోయిన వారం ఎక్కడ ఆగామో గుర్తుందా? మరచినవాళ్ళ కోసం, ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు చెబుతాను.

గోదావరిఖని అవతల నల్లగుట్ట బాయి. ఆ బొగ్గుబాయి ఆఫీసులో కంప్యూటర్ల తీగలు చూసుకునే పిల్ల సుమైరా. బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే గులాం అలీ కూతురు. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంకా ఆరు నెలలు నిండలేదు. బాయి మీద ఉన్న గదులన్నిటి తీగలూ వచ్చి చేరేది ఒకే ఒక్క పెట్టెలోకి. దాన్ని స్విచ్చు అంటారు. ఏ గది తీగ బతికుంది, ఏది తెగింది అన్నది మేనేజరు గదిలో గోడ మీద ఉన్న తెర చూపిస్తుంది. బతికుంటే గది పేరు పక్కన పచ్చ చుక్క, తెగితే ఎర్ర చుక్క. పోయిన ఆదివారం సుమైరా ఆ స్విచ్చుకు కొత్త ఫర్మ్‌వేర్ వేసింది. ఫర్మ్‌వేర్ అంటే మరేం కాదు, పెట్టె లోపల కూర్చుని పెట్టెను నడిపించే రాత. పాతది తీసి కొత్తది వెయ్యమని పై ఆఫీసు వాళ్ళు చెప్పారు, ఈ పిల్ల వేసింది.

సోమవారం నుంచి మొదలైంది గోల. పొద్దున ఆరింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి తెర మీద ల్యాంపు రూం ఎర్రబడుతుంది. పది నిమిషాలకు మళ్ళీ పచ్చబడుతుంది. ల్యాంపు రూం అంటే బాయిలోకి దిగేవాళ్ళు టోపీ దీపాలు తీసుకునే గది. ఆ గదికి పెద్ద మన నర్సింగం. ముప్పై ఆరేళ్ళ సర్వీసు, ఒక్క మరక లేదు, ఇంకో తొమ్మిది రోజుల్లో రిటైరు. ఏదో ప్లగ్గు పెట్టుకోవడానికి అతడే తీగ పీకుతున్నాడని అందరూ అనుకున్నారు. మేనేజరు జైపాల్ మెమో టైపు చేయించాడు. శనివారం సాయంత్రం నాలుగింటికి దాని మీద సంతకం పెడతానన్నాడు. మెమో ఉన్నవాడికి ఆఖరి రోజున పూలదండా వెయ్యరు, డప్పులతో జీపులో ఇంటికీ తీసుకుపోరు. అక్కడేమో నర్సింగం భార్య సారవ్వ రామగిరి నుంచి చుట్టాలందరినీ పిలిచేసింది.

ఆ శనివారం పొద్దున ఆరు దాటి రెండు నిమిషాలకు ల్యాంపు రూం వెనక గోడకున్న ఇనుప పెట్టె తెరిచి సుమైరా నిలబడిందని, ఆమె ఫోనులో ల్యాంపు రూం ఎర్రగా ఉంటే ఎదురుగా ల్యాంపు రూం తీగ దగ్గర దీపం పచ్చగా మిణుకుమంటోందని చెప్పి ఆపాను. అదీ సంగతి. ఇక వినండి.

సుమైరా ఫోను చూసింది. పెట్టె చూసింది. మళ్ళీ ఫోను చూసింది. తీగకు అంటించిన చీటీ మీద ల్యాంపు రూం అని ఇంత పెద్ద అక్షరాలతో ఉంది. దీపం హాయిగా కొట్టుకుంటోంది.

"కాకా, నువ్వు ఈ తీగ ముట్టుకున్నవా?"

"నేనెందుకు ముట్టుకుంట బిడ్డా? తాళంచెవి నా మొలతాడుకే ఉంటది, గంతే. తియ్యాల్సినప్పుడు తీస్త, ఏసేటప్పుడు ఏస్త." నర్సింగం దీపాల వరుస తుడుస్తూనే అన్నాడు. "నా మీద ఏమని చెప్పిన్రట? ఫోను చార్జింగు పెట్టుకుంటున్నననా?"

"అట్లనే అన్నరు."

"నాది బటన్ల ఫోను. ఆదివారం ఒక్కపూట పెడితే మళ్ళ ఆదివారం దాక అడగది. మా సారవ్వ కంటే నయం."

సుమైరాకు నవ్వొచ్చింది కానీ కళ్ళు పెట్టె మీంచి కదలలేదు. వేలు పెట్టి ఒక్కొక్క పోర్టు లెక్కపెట్టింది. పోర్టు అంటే తీగ దూర్చే గూడు. ఒకటి నుంచి ఆరు దాకా ఆఫీసు గదులు. ఎనిమిది క్యాంటీను. తొమ్మిది ల్యాంపు రూం. పది హాలర్ రూం, అంటే బొగ్గు తొట్లను తాడుతో లాగే మోటారు ఉండే గది. పదకొండు ఫ్యాన్ హౌజు, బాయి లోపలికి గాలి పంపే చోటు. అన్నీ పచ్చగా మిణుకుమంటున్నాయి, క్యాంటీను ఒక్కటి తప్ప. క్యాంటీను దీపం ఆరిపోయి ఉంది.

అయితే ఆమె ఆగింది క్యాంటీను దగ్గర కాదు. ఆరుకూ ఎనిమిదికీ నడుమ.

"కాకా, ఏడోది ఖాళీగ ఎందుకుంది?"

నర్సింగం గుడ్డ పిండాడు. పిండవలసిన తడేమీ దానికి లేదు. "అది గంతే."

"గంతే అంటే?"

"గంతే అంటే గంతే. అగో, షిఫ్టోళ్ళు వస్తున్నరు, నువ్వు పక్కకు జరుగు, ఈడ తొక్కుడు తొక్కుడైతది."

నిజంగానే వచ్చారు. మొదటి షిఫ్టు జనం ల్యాంపు రూం కిటికీ మీద పడితే ఎలా ఉంటుందో చూడాలి. ఒకరు నూట పన్నెండు అంటారు, ఒకరు నలభై అంటారు, ఒకరు ఏమీ అనకుండా చెయ్యి చాపుతారు. నర్సింగం మొహాలు కూడా చూడడు. చేతుల్ని బట్టి దీపం ఇచ్చేస్తాడు. దీపంతోపాటు ఆ నంబరు ఇత్తడి బిళ్ళ తీసుకుని మనిషి కిందికి దిగుతాడు. షిఫ్టు అయ్యాక పైకి వచ్చి బిళ్ళను తన కొక్కేనికి తగిలిస్తాడు. మూడు గంటలకు ఏ కొక్కెం ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఏ కంప్యూటరూ లేనినాటి నుంచీ బాయి మీద మనుషుల్ని చూసుకునే పద్ధతి అదే.

జనం పలచబడేసరికి ఏడున్నర. క్యాంటీను నుంచి రెండు గ్లాసుల చాయ్ వచ్చింది. సుమైరా అప్పటికి గోడకు ఆనుకుని కాగితం ముక్కలు చింపి పది పేర్లు రాసుకుంది. తెర మీద ఉన్న పేర్లు పదే. పెట్టెలో పోర్టులు మాత్రం ఏడోదాన్ని కలిపితే పదకొండు.

"కాకా, వాడని పాత బిళ్ళలు ఓ పది ఇస్తవా? ఒకటి చూపిస్త."

నర్సింగం డబ్బాలోంచి పాత బిళ్ళలు తీసి ఇచ్చాడు. ఆమె ఒక్కొక్క బిళ్ళకు ఒక్కొక్క పేరు కాగితం చుట్టింది. ఇద్దరూ కొక్కేల బోర్డు ముందు నిలబడ్డారు. మొదటి వరుసలో కొక్కేలన్నీ ఖాళీ, వాటి బిళ్ళలు ఇప్పుడే కిందికి దిగాయి.

"ఇగో, పాత రాత ఎట్ల లెక్కపెట్టేదో చూడు. దానికి తీగ ఉన్న పోర్టే లెక్క. ఖాళీది ఉన్నట్టే లేదు. ఆరు అయినంక ఏడోదని దేన్నన్నది? క్యాంటీన్‌ను. ఎనిమిదోదని నీ ల్యాంపు రూంను. తెర మీద పేర్లు రాసినోళ్ళు కూడా గదే వరుసల రాసిన్రు. సరిపోయింది. నాలుగేండ్లు మంచిగ నడిచింది."

"ఇప్పుడేమైంది మరి?"

"ఇప్పుడు నేను ఏసిన కొత్త రాత ఖాళీ పోర్టును కూడ లెక్కపెడుతది. ఆరు అయినంక ఏడు. ఏడోదంటే ఖాళీది. కానీ తెర మీద ఏడో పేరు క్యాంటీన్ కదా. అంటే క్యాంటీన్ పేరు పోయి..." అంటూ ఆమె క్యాంటీను బిళ్ళను ఏడో కొక్కెం వైపు చాపింది.

నర్సింగం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు, కానీ వదల్లేదు.

"అండ్ల పెట్టకు బిడ్డా."

సుమైరా అతడి మొహం వైపు చూసింది. అప్పుడు కొక్కేన్ని చూసింది. మిగిలిన కొక్కేలన్నీ బిళ్ళలు రాసుకుని రాసుకుని మెరుస్తున్నాయి. ఏడోది నల్లగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా దానికి ఏదీ తగల్లేదు.

నర్సింగం చెయ్యి వదిలి స్టూలు మీద కూర్చున్నాడు. చాయ్ ఒక గుక్క తాగాడు.

"సదయ్య అని ఉండె. మా ఊరోడే. ఇద్దరం ఒక్కదినమే బాయిల చేరినం. డ్యూటీ దిగి వచ్చేటోళ్ళల్ల ఎప్పుడూ ఆఖరోడు. వచ్చినంక బిళ్ళను కొక్కేనికి తగిలియ్యడు. గా తలుపుకాడ నిలబడి నా మీదికి ఇసురుతడు. నేను ఒడిసి పట్టాలె. పట్టకపోతే చాయ్ నేను తాగియ్యాలె, పడితే వాడు తాగిస్తడు. ఎన్నిసార్లు చెప్పినా ఇనలె. మేనేజరు దొర చూస్తే తిడుతడురా అంటే, దొరకు కూడ ఇసురుత పట్టమను అనేటోడు."

సుమైరా నవ్వింది. నర్సింగం కూడా నవ్వాడు.

"ఇరవై రెండేండ్ల కింద ఒకనాడు పైకప్పు కూలింది. మూడింటికి అందరి బిళ్ళలు వచ్చినయి. ఏడు రాలె. నేను గీడనే నిలబడ్డ, ఇట్ల చెయ్యి పట్టుకోని." అరచెయ్యి గిన్నెలా చేసి చూపించాడు. "తెల్లారేదాక నిలబడ్డ. మనిషిని తెచ్చిన్రు. బిళ్ళ దొరకలె. నెలకు కొత్తోడెవడో వస్తే ఏడు నంబరు ఇయ్యమన్నరు. ఏడో బిళ్ళ కొట్టియ్యలేదు సార్, వచ్చినంక ఇస్త అన్న. గట్లనే ఇరవై రెండేండ్ల సంది అది వస్తనే ఉన్నది."

"మరి ఈ పెట్టెల?"

"నాలుగేండ్ల కింద తీగలేసేటోళ్ళు వచ్చిన్రు. నా గదిలనే పెట్టె పెట్టిన్రు. చూస్తే దీనికి కూడ నంబర్లే. ఏడుల తీగ పెట్టబోతే వద్దన్న. నవ్విన్రు. నవ్వితే నవ్విన్రు కానీ, సరే పెద్దాయన అడుగుతున్నడని ఇడిచిపెట్టిన్రు. అది యాడ రాసిపెట్టలె. ఎవ్వరికి చెప్పలె."

చూశారా, స్విచ్చు నేర్పే ఏ పుస్తకంలోనూ ఈ కారణం ఉండదు. సుమైరా ఆరు రోజులుగా ఫోనులో, కంప్యూటర్లో, ఇంగ్లీషు కాగితాల్లో వెతుకుతూనే ఉంది. జవాబు ఈ నల్లబడ్డ కొక్కెం మీద ఉంది.

ఆమె బిళ్ళలన్నీ ఏరి బల్ల మీద వరుసగా పేర్చింది. ఏడో చోట ఏమీ పెట్టలేదు, వేలు మాత్రం ఆనించింది. "కాకా, గిట్ల చూడు. క్యాంటీన్ పేరు ఈ ఖాళీ మీద పడ్డది. అందుకే ఆరు దినాల సంది తెర మీద క్యాంటీన్ ఎర్రగనే ఉంది, ఎవ్వరు పట్టించుకోలె. నీ ల్యాంపు రూం పేరు క్యాంటీన్ తీగ మీద పడ్డది. హాలర్ పేరు నీ తీగ మీద. ఫ్యాను పేరు హాలర్ తీగ మీద."

"అంటే క్యాంటీన్ తీగ పోతే నా పేరు ఎర్రబడుతున్నదన్నట్టు."

"గదే."

నర్సింగం తొడ మీద చరుచుకుని నవ్వాడు. "క్యాంటీన్ల వండే మల్లక్క చేసిన పాపం నా మెడకు సుట్టుకున్నదా. ఆమె చాయ్ తాగి ఆమె మెమో మోస్తున్ననా."

కానీ సుమైరా నవ్వడం లేదు. బిళ్ళల వరుస చివర చూస్తోంది. ఫ్యాన్ హౌజు అసలు తీగకు ఏ పేరూ మిగల్లేదు. తెర మీద ఫ్యాను పచ్చగా ఉందంటే అది హాలర్ పచ్చదనం. ఆరు రోజులుగా ఫ్యాను తీగను తెర చూడనేలేదు. ఆ కొత్త రాత వేసింది తను. వేశాక ఒక్కొక్క తీగ పీకి సరిచూడాల్సింది, చూడలేదు. పచ్చ చుక్కలు చూసి ఇంటికెళ్ళి బిర్యానీ తిన్నది.

"నేను సార్‌కు చెప్త," అంది.

నర్సింగం నవ్వు ఆపాడు. ఆ పిల్ల మొహంలో ఏముందో అతడికి అర్థమైంది. ముప్పై ఆరేళ్ళు కిటికీలోంచి మనుషుల చేతులు చూసి ఎవడు భయపడుతున్నాడో చెప్పగలిగినవాడు.

"ఆగు బిడ్డా. చెప్తే ఏమైతది?"

"కాంట్రాక్టు నిలుస్తదో నిలువదో."

"అయితే చెప్పకు. చప్పుడు చెయ్యకుండ పేర్లు సరిచెయ్యి. మెమో నేను తీసుకుంట. నాకు తొమ్మిది దినాలు. నీకు ముందట ఇంక ముప్పై ఏండ్లున్నయి. దండ లేకపోతే ఏమాయె, మెడ బరువు తప్పుతది."

"సారవ్వ అత్తమ్మకు ఏం చెప్తవు? రామగిరి సంది వచ్చేటోళ్ళకు ఏం చెప్తవు?"

"డప్పులోళ్ళకు జరమొచ్చిందని చెప్త."

"కాకా, అబద్ధం చెప్పుడు కూడ నీకు రాదు." సుమైరా బిళ్ళల మీది కాగితాలు విప్పి దోసిట్లో వేసుకుంది. "మా అమ్మీకి ఈ మాట చెప్తే ఇంట్లకు రానియ్యది. రుఖయ్యా బేగం సంగతి నీకు ఎర్కలే."

"ఎర్కే. మీ నాయిన మోటారు తప్పు కట్టిండని బజార్ల నిలబెట్టి అడిగిన మనిషి." నర్సింగం లేచి భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "పా మరి. ఇద్దరం పోదాం. నువ్వొక్కదానివి పోతే ఏడుస్తవు, నేనొక్కన్ని పోతే కొట్లాడుత."

జైపాల్ పొద్దున్నుంచీ బాయి లోపలే ఉన్నాడు. పైకి వచ్చి స్నానం చేసి తన గదిలో కూర్చునేసరికి ఒంటిగంటన్నర దాటింది. నలభై ఏళ్ళ మనిషి. కోపం తక్కువ, హడావుడి ఎక్కువ. బల్ల మీద మెమో ఉంది, దాని మీద పేపర్‌వెయిటుగా ఒక నల్ల బొగ్గుముక్క.

"ఏంది నర్సింగన్నా, నాలుగింటికి కదా రమ్మన్న."

"నేను రాలేదు సార్. ఈ పిల్ల గుంజుకొచ్చింది."

సుమైరా ఊపిరి పీల్చుకుని ఒక్క ఊపున చెప్పేసింది. "సార్, కాక తప్పు లేదు. తప్పు నాది. ఆదివారం ఫర్మ్‌వేర్ ఏసినంక నేను తీగలు సరిచూడలె. తెర మీద పేర్లు ఒక్కొక్కటి జరిగి పక్క తీగల మీద పడ్డయి."

జైపాల్ ఆమెనూ, తెరనూ చూశాడు. "పేర్లు జరుగుడేంది సుమైరా? అవేమన్న కుర్చీలా?"

"చూపిస్త సార్. కాక పోయి ల్యాంపు రూం తీగ ఒక్క నిమిషం పీకుతడు. మీరు తెర చూడున్రి."

నర్సింగం బయటికి నడిచాడు. ల్యాంపు రూం నుంచి ఫోను చేశాడు. "సార్, గిప్పుడు మీ ముందట, మీ పర్మిషన్ తోని పీకుతున్న. మళ్ళ దీనికి ఇంకో మెమో ఇయ్యకున్రి." పీకాడు.

తెర మీద ల్యాంపు రూం పచ్చగానే ఉంది. దాని కింద హాలర్ రూం ఎర్రబడింది.

జైపాల్ లేచి నిలబడ్డాడు. టేబుల్ మీది ఇంకో ఫోను తీసి హాలర్ రూంకు కలిపాడు. "ఏంరా, మీ కంప్యూటర్ నడుస్తున్నదా?"

"మంచిగ నడుస్తున్నది సార్. ఏమైంది సార్? మామీద కూడ మెమోనా సార్?"

జైపాల్ ఫోను పెట్టేశాడు. నర్సింగం మళ్ళీ తీగ దూర్చాడు, హాలర్ పచ్చబడింది. ఆ ఆట ఇంకోసారి ఆడించాడు జైపాల్. రెండోసారి కూడా అంతే అయింది. ఇంజనీరింగు చదివిన మనిషి కదా, తెర కిందివైపు చూపు పోయింది, మొహం మారింది.

"మరి ఫ్యానో?"

"ఫ్యాను పేరు హాలర్ తీగ మీద ఉంది సార్. ఫ్యాను తీగను తెర చూస్తలేదు. ఆరు దినాల సంది."

సుమైరా దుపట్టా కొస వేలికి చుట్టుకుంటోంది.

"అక్కడ మనిషి ఉన్నడు సార్," అంది మెల్లగా. "మూడు షిఫ్టులు కండ్లతోని చూస్తనే ఉన్నడు, గంట గంటకు ఫోను చేస్తనే ఉన్నడు. నేను పొద్దుగాల్నే పోయి చూసొచ్చిన. ఫ్యాను ఒక్క నిమిషం కూడ ఆగలె. కానీ తెరకు తెల్వదు. అది నా తప్పు."

జైపాల్ ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే రెండయింది. తెర మీద ల్యాంపు రూం ఎర్రబడింది.

"పోదాం పా," అన్నాడు జైపాల్, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా.

క్యాంటీనుకు దగ్గరి దారి ల్యాంపు రూం పక్కనుంచే. నర్సింగాన్ని కూడా కలుపుకుని ముగ్గురూ వెళ్ళేసరికి మల్లక్క పెద్ద పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని నిలబడి ఉంది. స్విచ్చు నుంచి వచ్చిన తీగ చేరే చిన్న పెట్టె గోడకుంది, దాని కరెంటు తీగ ప్లగ్గులోంచి ఊడదీసి, బుద్ధిగా చుట్ట చుట్టి, పప్పుల డబ్బా మీద పెట్టి ఉంది.

"మల్లక్కా, ఆ తీగ ఎందుకు తీసినవు?" అడిగాడు జైపాల్.

మల్లక్క అతణ్ణి వింతగా చూసింది. "అగ్గి ముట్టిచ్చేటప్పుడు కరెంటు బందు చెయ్యాలె కద సార్."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పుడేంది? మా ఆయన బాయిల ముప్పై ఏండ్లు బొగ్గు పగలగొట్టే మందు పేల్చిండు. ముట్టిచ్చేముందు కరెంటు బందు, పొగ పోయినంక పది నిమిషాలకు మళ్ళ కరెంటు చాలూ. ఇంట్ల కూడ గంతే, పొయ్యి ముట్టిచ్చేటప్పుడు టీవీ బందు. ఇప్పుడు రిటైరై సోఫాల పడుకోని సీరియల్ ఆగిందని నన్నే తిడుతడు, ఆయన నేర్పిన పనికే." అగ్గిపుల్ల గీసింది. పొయ్యి భగ్గుమంది. "ఆ మిణుకు మిణుకు పెట్టె గ్యాసుకు జానెడు దూరంల పెట్టిన్రు. రూల్సు మీకెక్కువ ఎర్కనా, నాకా?"

ఆ రూలు జైపాలే ప్రతి సోమవారం మీటింగులో చదివి వినిపిస్తాడు. ముందు పెదవులు బిగించాడు, తర్వాత భుజాలు కదిలాయి, ఆఖరికి గోడ పట్టుకుని నవ్వాడు.

"నాలుగేండ్ల సంది తీస్తున్నవా?"

"రోజుకు రెండుసార్లు. ఎవ్వరన్న అడిగిన్రా? మల్లక్క జాగ్రత్తగ ఉన్నదని ఒక్క సర్టిఫికెటన్న ఇచ్చిన్రా?"

"క్యాంటీన్ ఎర్రబడితే ఎవరికి ఫికర్ సార్," అన్నాడు నర్సింగం. "నా పేరు మీద పడ్డది కాబట్టి ఇంతమంది ఉరికొచ్చిన్రు." అని మల్లక్క వైపు తిరిగాడు. "ఇయ్యాల్టి చాయ్ నీ మీద."

"ఎప్పుడు పైసలిచ్చినవని బావా?" అంది మల్లక్క.

తిరిగి ఆఫీసుకు వచ్చాక జైపాల్ మెమో మీంచి బొగ్గుముక్క తీశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. చింపలేదు. సుమైరా అది గమనించింది.

"నర్సింగన్నా, నీ మెమో సంగతి అయిపోయింది. డప్పులోళ్ళను పిలుచుకో. సుమైరా, నువ్వు జరిగింది జరిగినట్టు రాసియ్యి. ఫ్యాను సంగతి కూడ దాచకుండ రాయి. సోమవారం పై ఆఫీసుకు నేనే పట్టుకపోత. వాళ్ళేమంటరో నాకు తెల్వదు." కొంచెం ఆగి అన్నాడు. "వచ్చి చెప్పినవు. అది కూడ రాస్త."

"సరే సార్."

"ముందు ఇది సరిచెయ్యి. తేలికే కదా? ఏడు ఖాళీ ఉండబట్టే ఈ తిప్పలంతా. తీగలన్ని ఒక్కొక్కటి కిందికి జరుపు, ఏడు నిండుతది, లెక్క కుదురుతది. ఐదు నిమిషాల పని."

నర్సింగం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అడ్డు చెప్పే మనిషి కాదు, ఇరవై రెండేళ్ళుగా బిళ్ళ వస్తుంది సార్ అని మాత్రమే అన్నవాడు. ఆ పక్కకు తిప్పుకున్న మొహాన్ని సుమైరా చూసింది.

"తీగలు ముట్టుకోను సార్," అంది. "మళ్ళ ఒకటి పీకితే ఇంకోటి తప్పుతది. పేర్లు మారుస్త. పది పేర్లకు పదకొండు చేస్త."

"ఖాళీదానికి పేరేంది?"

సుమైరా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎనిమిదికి క్యాంటీను, తొమ్మిదికి ల్యాంపు రూం, పదికి హాలర్, పదకొండుకు ఫ్యాన్ హౌజు. ఈసారి ఒక్కొక్క పేరు పెట్టగానే నర్సింగాన్ని పెట్టె దగ్గరికి పంపి తీగ పీకించి, అదే పేరు ఎర్రబడితేనే తర్వాతిది. ఫ్యాను దగ్గర మాత్రం ముందు అక్కడి మనిషికి ఫోను చేసి చెప్పి, రెండుసార్లు చూసింది. మూడున్నర అయింది. నర్సింగం పెట్టెకు తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని మేనేజరు గదికి వచ్చాడు.

ఆఖరికి ఏడు మిగిలింది. ఆమె టైపు చేసింది. తెర మీద ఆరుకూ ఎనిమిదికీ నడుమ ఒక పేరు వచ్చింది. సదయ్య.

జైపాల్ ఎవరని అడగబోయాడు. నర్సింగం కళ్ళు చూసి ఆగాడు.

"తీగ లేదు కదా సార్, ఎర్ర చూపిస్తే అందరు పరేషానైతరు. బూడిద రంగు పెట్టిన. ఎవ్వరిని కదిలియ్యది, ఎవ్వరు దీన్ని నింపరు. తీగ పెడితెనే పచ్చగైతది."

నర్సింగం తెర దగ్గరికి వెళ్ళాడు. చదువు పెద్దగా లేదు కానీ ఆ పేరు చదవగలడు. ఎంతసేపు చదివాడో. "వీనికి ఇప్పుడు మేనేజరు గదిల సీటు దొరికింది," అన్నాడు. "నాకంటే నయం."

జైపాల్ చాయ్ తెప్పించాడు. మల్లక్కే తెచ్చింది, సర్టిఫికెటు ఎప్పుడిస్తారని అడిగి మరీ వెళ్ళింది. నర్సింగం డప్పులవాళ్ళకు ఫోను కలిపాడు, బటన్ల ఫోనులో. సుమైరా ఆరు రోజుల తర్వాత మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. పదకొండు పేర్లు. పది పచ్చ చుక్కలు, నడుమ ఒక బూడిద చుక్క. బయట నాలుగు గంటల సైరన్ కూసింది.

బూడిద చుక్క పచ్చబడింది.

సుమైరా కళ్ళు నలుపుకుంది. తెర కడిగినట్టు స్పష్టంగా ఉంది. సదయ్య, పచ్చ.

ఫోనులో నర్సింగం మాట సగంలో ఆగింది. చెయ్యి దానంతటదే మొలతాడు మీదికి పోయింది. తాళంచెవి అక్కడే ఉంది.

"ఎవడో తీగ పెట్టిండు," అన్నాడు జైపాల్. "పెట్టెకు తాళం ఏసినవు కదా నర్సింగన్నా?"

"ఏసిన సార్. ఇంకో చెవి లేదు."

నర్సింగం తెర ముందుకు నడిచాడు. ఏం చేస్తున్నాడో అతడికే తెలియనట్టు కుడి అరచెయ్యి గిన్నెలా చేసి పట్టుకున్నాడు.

"ఆఖరోడు డ్యూటీ దిగినట్టుంది సార్," అన్నాడు.

ఆ తాళం వేసిన పెట్టెలో ఎవరి చెయ్యి దూరిందో మీరూ ఆలోచించండి, నన్ను మాత్రం వచ్చే వారం దాకా అడగకండి. ఒక్క పని చేసిపెట్టండి చాలు. ఏడో కొక్కెం ఎవరిదో, ఎందుకు నల్లబడిందో గుర్తుంచుకోండి. షిఫ్టు దిగి వచ్చిన మీవాళ్ళకు అన్నం పెట్టేటప్పుడు ఈ మాట చెప్పండి. తీగల లెక్క మరచినా ఫర్వాలేదు, పోర్టులు నేనే ఎన్నోసార్లు తప్పు చెప్పి ఉంటాను. బిళ్ళ విసిరేవాడని, పట్టుకునేవాడు ఒకడు ఉండేవాడని, విసిరేవాడి పేరు సదయ్య అని, అది మాత్రం తప్పకుండా చెప్పండి.